బోరు నీళ్లు అద్దం లెక్క ఉన్నయి, పిల్ల మాత్రం రెండో రోజే తేలుతున్నది

దేవరకొండ_బెస్త · జూన్ 29, రాత్రి 9:40

అన్నలకు, అక్కలకు నమస్తే. మాది పెద్దఅడిశర్లపల్లి దిక్కు. చిన్న చైనీస్ హ్యాచరీ, అంటే గుండ్రటి తొట్లల్ల నీళ్లు తిప్పుతూ చేప గుడ్లు పొదిగిచ్చేది. మా నాయిన పెట్టిండు, మూడేండ్ల సంది నేను చూసుకుంటున్న. ఒక బ్రీడింగ్ పూల్, 3 మీటర్ల హ్యాచింగ్ పూల్స్ రెండు, పైన 20,000 లీటర్ల ట్యాంకు.

పోయినేడు దాక కాలువ నీళ్లే మోటరేసి ఎక్కిచ్చేటోళ్లం. ఈసారి మిరుగు దాటి మూడు వారాలైనా కాలువకు నీళ్లిడువలే. తల్లి చేపలు పొట్టలు నింపుకొని ఉన్నయి. ఇంకా ఆగితే గుడ్డు పనికిరాకుండ పోతది. అందుకే 450 ఫీట్ల బోరేయించి ఆ నీళ్లతోనే మొదలువెట్టిన.

గుడ్లు పెట్టించే హార్మోన్ సూదులు ఇచ్చినం, గుడ్లు పెట్టినయి. గుడ్డు మంచిగనే ఉబ్బింది. 16 గంటలకు పిల్ల బయటికొచ్చింది. అప్పటిదాక ఖుషీ. మర్నాడు పొద్దుగాల చూస్తే సగం పిల్ల మీదికి తేలి బోర్ల తిరుగుతున్నది. మూడో రోజు తీసేటప్పటికి 25 లక్షల గుడ్లకు 2 లక్షల స్పాన్ (మూడు రోజుల పిల్ల) కూడ రాలే. రెండో బ్యాచ్ కూడ అచ్చం అంతే.

నీళ్లు చూస్తే తాగబుద్ధి అయితది, అంత తేట. పీహెచ్ 7.9 వచ్చింది. మందుల షాపాయన పర్మాంగనేట్ అన్నడు. మా బామ్మర్ది పటిక అన్నడు. ఇంకొకాయన యూవీ లైటు పెట్టుమన్నడు, ధర వింటే గుండె జారింది. ఏం జేయాలె?

పెబ్బేరు_ఫిషరీస్ · జూన్ 29, రాత్రి 10:15

అన్నా, నేను పెబ్బేరు ఫిషరీస్ కాలేజీలో మూడో సంవత్సరం. కొన్ని వివరాలు చెప్పండి: పూల్‌లో కరిగిన ఆక్సిజన్ ఎంత, ఇనుము ఎంత, కాఠిన్యం ఎంత, అమ్మోనియా ఎంత, ఘనపు మీటరుకు ఎన్ని గుడ్లు వేశారు?

దేవరకొండ_బెస్త · జూన్ 29, రాత్రి 10:22

తమ్మీ, పీహెచ్, టీడీఎస్ తప్ప ఏం జూడలే. టీడీఎస్ (నీళ్లల్ల కరిగిన ఉప్పులు) 900. గుడ్లు ఒక్కో పూల్‌కు 25 లక్షలు.

పెబ్బేరు_ఫిషరీస్ · జూన్ 29, రాత్రి 10:31

మధ్యలో జల్లెడ గది పోను మీ పూల్‌లో ఐదున్నర, ఆరు ఘనపు మీటర్ల నీళ్లు ఉంటాయి. ఘనపు మీటరుకు 7 నుంచి 10 లక్షల గుడ్లు వేయొచ్చు. కాబట్టి 25 లక్షలు ఎక్కువ కాదు. ఇరుకు సమస్య కాదు.

క్లియర్_వాటర్_గురు · జూన్ 30, ఉదయం 7:05

సార్, ఇది వంద శాతం బ్యాక్టీరియా. యూవీ ప్లస్ ఓజోన్ సెట్ పెడితే ఒక్క పిల్ల చావదు. మా దగ్గర మూడు సైజులు ఉన్నాయి. వివరాలకు ఫోన్ చేయండి.

మోడరేటర్ · జూన్ 30, ఉదయం 8:10

పై పోస్టులో ఫోన్ నంబర్ తీసేశాను. అమ్మకాలకు వేరే విభాగం ఉంది.

కోయిల్‌సాగర్_తాత · జూన్ 30, ఉదయం 8:50

బిడ్డా, లైటు సంగతి తర్వాత. ముందు నేనడిగినయి చెప్పు.

తేలిన పిల్ల పొట్ట కాడ ఏమన్న మెరుస్తున్నదా? భూతద్దం లేకుంటే ఫోను కెమెరా దగ్గరవెట్టి పెద్దగ జేసి చూడు. రెండోది, పై ట్యాంకు గోడలకు ఎర్రగ, జిగటగ పట్టిందా? మూడోది, బోరు నీళ్లు గ్లాసుల పట్టి ఒక్క నిమిషం కదలకుండ చూడు. తెల్లగ పాల లెక్క వచ్చి తేటపడుతున్నదా? తేటపడితే కిందికెళ్లి మీదికా, మీదికెళ్లి కిందికా?

రోగం నీళ్లల్లనే ఉన్నదని ఎవరైనా చెప్తరు. నీళ్లల్ల యాడ ఉన్నదో చూడకుండ మందు పోస్తే పైసలు, పిల్ల రెండూ పోతయి. నాకట్ల పోయినయి కాబట్టి చెప్తున్న.

మర్రిగూడ_కుర్రోడు · జూన్ 30, ఉదయం 9:30

మన దిక్కు బోరంటే ఫ్లోరైడు లేకుండ ఉంటదా? మా ఊర్లె ముసలోళ్ల నడుములు చూస్తే తెలుస్తది. పిల్ల కూడ దాంతోనే పోతుందేమో. మన జిల్లా పేరు మీదనే పద్ధతి ఉన్నది గద, నల్గొండ టెక్నిక్. నాగపూర్ నీరి (పర్యావరణ పరిశోధన సంస్థ) వాళ్లు తయారు చేసింది. పటిక, సున్నం, బ్లీచింగ్ కలిపి తిప్పి, తేర్చి, వడగట్టుడే. అదే పెద్ద ట్యాంకుల చేస్తే సరిపోదా?

నీళ్ల_డబ్బా · జూన్ 30, ఉదయం 11:20

మిర్యాలగూడలో నీళ్ల పరీక్షలు చేస్తుంటాను. ఆ పద్ధతి తాగే నీళ్ల కోసం పుట్టింది. హ్యాచరీకి పెడితే మూడు చిక్కులు.

ఫ్లోరైడు తగ్గాలంటే పటిక బాగా పోయాలి, క్షారత ఎంత ఎక్కువ ఉంటే అంత ఎక్కువ. బిందెకు సరే, గంటకు వేల లీటర్లు పారే పూల్స్‌కు పటిక బస్తాలు కావాలి. కింద పేరుకున్న బురదను ఎక్కడ పారబోస్తారు? రెండోది, పటిక అంటే అల్యూమినియం. తేరని ముక్కలు, మిగిలిన అల్యూమినియం పిల్ల మొప్పలకు మంచిది కాదు. మూడోది బ్లీచింగ్. అందులోని క్లోరిన్ రవ్వంత మిగిలినా స్పాన్ బతకదు.

అన్నిటికన్నా ముఖ్యం, లీటరుకు రెండు మూడు మిల్లీగ్రాముల ఫ్లోరైడు రెండో రోజుకే పిల్లను చంపదు. తాగే నీళ్లకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దని ఎందుకన్నారు? ఏళ్ల తరబడి తాగే మనిషి పండ్ల కోసం, ఎముకల కోసం. ఈ పిల్ల హ్యాచరీలో ఉండేది నాలుగు రోజులు.

అయినా ఫ్లోరైడు మాట తీయడం మంచిదే అయింది. మన దగ్గర ఫ్లోరైడు ఎక్కువున్న బోర్లలో సోడియం, బైకార్బొనేట్ ఎక్కువుండి కాల్షియం తక్కువుంటుంది. హ్యాచరీకి ఆ కాల్షియం సంగతి కావాలి. శాంపిల్ పంపండి. కరిగిన ఆక్సిజన్‌ను మాత్రం సీసాలో తేలేరు, అది బోరు దగ్గరే చూడాలి. పీహెచ్ కూడా అక్కడే చూడండి. మీ 7.9 ఎప్పుడు చూసింది?

దేవరకొండ_బెస్త · జూన్ 30, మధ్యాహ్నం 1:15

పీహెచ్ రాత్రి పట్టి పెట్టిన సీసాది, పొద్దుగాల చూసిన.

తాతా, మీరన్నట్టే ఉన్నది. పిల్ల పొట్ట సంచి కాడ సన్నటి బుడగ, ఆవగింజల నాలుగో వంతు ఉంటదేమో. కొన్నింటికి తల కాడ కూడ ఉన్నది. గ్లాసుల నీళ్లు పాల లెక్క వచ్చి కిందికెళ్లి మీదికి తేటపడుతున్నయి. ట్యాంకు గోడలకు ఎర్రటి పూత, వేలు పెడితే జారుతున్నది.

కోయిల్‌సాగర్_తాత · జూన్ 30, మధ్యాహ్నం 1:40

దొరికింది. అది గాలి బుడగ రోగం. నీళ్లల్ల మట్టి ఉంటే మీదికెళ్లి తేటపడతయి, మట్టి కిందికి కూసుంటది గనుక. గాలి ఉంటే కిందికెళ్లి తేటపడతయి, బుడగ మీదికి పోతది గనుక. నీ నీళ్లల్ల గాలి ఎక్కువైంది. ఆక్సిజన్ అని మురువకు, అండ్ల నైట్రోజనే ఎక్కువ. అది పిల్ల ఒంట్లకు పోయి బుడగైతది. సోడా సీసా మూత తీస్తే ఏమైతది? అదే పిల్ల లోపల అయితున్నది.

పెబ్బేరు_ఫిషరీస్ · జూన్ 30, మధ్యాహ్నం 2:05

తాత చెప్పింది కరెక్టే. బోరు లోతులో ఒత్తిడి ఎక్కువ, అక్కడ గాలి ఎక్కువ కరుగుతుంది. నీళ్లు కిందికి పోయి మోటరు గాలి పీల్చినా, పైపు జాయింట్ల దగ్గర గాలి దూరినా అదే పరిస్థితి. మామూలుగా నీళ్లు పైనుంచి పడుతూ చెల్లాచెదురైతే ఆ గాలి పోతుంది. మూసిన పైపులో నేరుగా పూల్ అడుగుకు వస్తే పోదు. మీ దగ్గర ఎట్లా వస్తున్నాయి?

దేవరకొండ_బెస్త · జూన్ 30, మధ్యాహ్నం 2:30

ఇదివరకు కాలువ నీళ్లు ట్యాంకు మీదికెళ్లి దబదబ పడేటివి. ఈసారి బోరు పైపు ట్యాంకు అడుగునే కలిపినం. ప్లంబర్ అట్లైతే మోటరుకు లోడు తగ్గుతదని చెప్పిండు. పైపు కూడ 12 ఫీట్లు మిగిలింది, నేను సరే అన్న.

జడ్చర్ల_మోటార్స్ · జూన్ 30, మధ్యాహ్నం 3:10

ఆ 12 ఫీట్ల పైపు 25 లక్షల గుడ్లను మింగింది అన్నట్టు. ప్లంబర్‌ను తిట్టొద్దు, ఇంటి ట్యాంకుకైతే ఆయన చేసింది కరెక్టే.

మోటరు నడుస్తుంటే డెలివరీ పైపు ఉమ్ముతున్నదా? అంటే నీళ్లు సాఫీగ రాకుండ ఫుర్రు ఫుర్రుమని ఆగి ఆగి వస్తున్నయా? అట్లైతే బోర్ల నీళ్లు మోటరు దాక పడిపోతున్నయి. వాల్వు జర తిప్పి ధార తగ్గించు. గాలి పీల్చుడు ఆగకుంట పైన ఎన్ని ట్రేలు పెట్టినా దండుగ.

దేవరకొండ_బెస్త · జూన్ 30, మధ్యాహ్నం 3:22

ఉమ్ముతున్నది అన్నా. గంట నడిచినంక షురువైతది.

క్లియర్_వాటర్_గురు · జూన్ 30, సాయంత్రం 5:00

గాలి ఒక కారణం అయి ఉండొచ్చు, కాదనను. కానీ యూవీ పెడితే ఎలాగైనా మంచిదే కదా సార్.

నీళ్ల_డబ్బా · జూన్ 30, సాయంత్రం 5:25

యూవీ చెడ్డదని ఎవరూ అనలేదు. కానీ యూవీ గాలిని తీయదు, ఇనుమునూ తీయదు. పైగా ఇనుమున్న నీళ్లలో లైటు చుట్టూ ఉండే గాజు గొట్టానికి ఎర్రపూత పడితే వారంలో వెలుగు నీళ్లకు తగలదు. యూవీ పని చేసేది తేట నీళ్లలో, వడగట్టిన తర్వాతే. ఈయన ఇంకా ఆ మెట్టు దగ్గరికి రాలేదు.

చెరువుకట్ట_అక్క · జూన్ 30, రాత్రి 8:15

సూర్యాపేట నుంచి. మాది మహిళా సంఘం, నర్సరీ చెరువులు, ఒక చిన్న హ్యాచరీ నడుపుతం.

తమ్ముడు బోరు వద్దనుకొని రేపు నల్లా నీళ్లకో ట్యాంకర్‌కో పోతడేమో, అందుకే చెప్తున్న. రెండేండ్ల కింద మేమట్లనే చేసినం. మోటరు కాలితే రాత్రికి రాత్రి నల్లా నీళ్లు పట్టి పోసినం. తాగే నీళ్లే గద, ఇంకా మంచిగుంటయనుకున్నం. తెల్లారేసరికి పూల్ అడుగంత తెల్లగ, చచ్చిన స్పాన్. సంఘంల ముప్పై మంది ఆడోళ్లం, ఎవ్వరం మాట్లాడలే ఆ పొద్దు.

క్లోరిన్ నీళ్లు తప్పకుంటే హైపో, అదే సోడియం థయోసల్ఫేట్ కలపాలె. క్లోరిన్ ఒక్క పాలుంటే హైపో ఏడు పాళ్లు. 10,000 లీటర్లల్ల లీటరుకు 1 మిల్లీగ్రాము క్లోరిన్ ఉంటే 70 గ్రాములు. కలిపినంక ఓటీ చుక్కలు, అంటే క్లోరిన్ ఉన్నదా లేదా చూపే మందు, వేసి చూడాలె. పసుపు రంగు వస్తే ఇంకా ఉన్నట్టే. రంగు పోయేదాక ఒక్క గుడ్డు కూడ పోయొద్దు. ఇప్పుడు మా కాడ ఆ చుక్కల సీసా పసుపు కుంకాల పక్కన పెట్టినం, నిజంగనే.

మూసీ_ఒడ్డు · జులై 1, ఉదయం 6:40

కేతేపల్లి దిక్కు నుంచి. మీరంత బోర్ల ఇనుము గురించి ఏడుస్తుంటే నాకు నవ్వొస్తున్నది. మాకు నీళ్లు మస్తు. వాసనే పడదు. హైదరాబాద్ కడిగిన నీళ్లన్నీ మా మీదికే గద.

మాది అమ్మోనియా గోస. పొద్దుగాల బాగనే ఉంటది, మధ్యాహ్నం ఎండకు చేప నోరు తెరుస్తది. అదేందో ఇప్పటికీ సమజ్ కాలే. అమ్మోనియా కిట్టు రెండు పూటలా ఒకటే చూపిస్తది.

పెబ్బేరు_ఫిషరీస్ · జులై 1, ఉదయం 7:30

అన్నా, కిట్టు చూపించేది మొత్తం అమ్మోనియా. అందులో విషం ఒక భాగమే. ఆ భాగం పీహెచ్‌తో, వేడితో పెరుగుతుంది. 30 డిగ్రీల నీళ్లలో పీహెచ్ 7.5 అయితే నూటికి రెండున్నర వంతులే విషం. పీహెచ్ 8.5 అయితే నూటికి 20 వంతులు. పచ్చగా నాచున్న చెరువులో మధ్యాహ్నానికి పీహెచ్ పైకి పోతుంది. కిట్టులో అంకె మారకపోయినా విషం ఎనిమిది రెట్లు అవుతుంది. లీటరుకు 1 మిల్లీగ్రాము మొత్తం అమ్మోనియా ఉంటే పొద్దున 0.025, మధ్యాహ్నం 0.2. స్పాన్‌కు 0.02 దాటితేనే ఇబ్బంది.

మూసీ_ఒడ్డు · జులై 1, ఉదయం 7:48

ఇన్నేండ్లకు ఒకడు సక్కగ చెప్పిండు. అందుకే పోయినేడు సంది పిల్లల నీళ్లకు బోరు కలిపిన. మూసీ నీళ్లు ముందు గుర్రపుడెక్క ఉన్న మడుగుల నిలబెట్టి, అండ్లకెళ్లి వచ్చినయి పెద్ద చేపల చెరువులకే. హ్యాచరీకి ఒక్క చుక్క కూడ పోనీయ.

నీళ్ల_డబ్బా · జులై 2, సాయంత్రం 4:45

దేవరకొండ గారి శాంపిల్ వచ్చింది, ఆయన ఒప్పుకుంటేనే ఇక్కడ పెడుతున్నాను. బోరు దగ్గర పీహెచ్ 7.2, ఆక్సిజన్ లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు (ఇవి రెండూ ఆయనే అక్కడ చూశారు). ల్యాబ్‌కు వచ్చేసరికి పీహెచ్ 8.1. కార్బన్ డయాక్సైడ్ ఎగిరిపోతే పీహెచ్ పెరుగుతుంది, సీసాలో 7.9 వచ్చింది అందుకే. ఇనుము 1.6 మిల్లీగ్రాములు. ఫ్లోరైడు 2.8. క్షారత 380. కాల్షియం కాఠిన్యం 40 మాత్రమే.

ఇనుము హ్యాచరీకి 0.3 లోపు ఉండాలి. బోరులో కరిగి ఉన్నప్పుడు కనపడదు, అందుకే అద్దంలా ఉంటుంది. గాలి తగలగానే తుప్పు ముక్కలై గుడ్డు మీద, మొప్పల మీద కూర్చుంటుంది. అదే తుప్పు పూల్‌లో కాకుండా ముందే ఇంకో చోట కూర్చునేటట్టు చేసుకోవాలి, పని మొత్తం అదే.

జడ్చర్ల_మోటార్స్ · జులై 2, రాత్రి 9:00

నేను గీసిస్త, సూడు. ఖర్చు తక్కువల.

టమాటా క్రేట్లు ఐదు తీసుకో, జాలీ అడుగు ఉన్నయి. ఒకదాని మీదొకటి, నడుమ అడుగు సందు పెట్టి ఇనుప స్టాండుకు బిగించు. క్రేట్లల్ల కరెంటు పైపు ముక్కలు, రెండు ఇంచులంత కోసినయి, నింపు. మీద షవర్ లెక్క బొక్కల పైపు. బోరు నీళ్లు దానిమీదికెళ్లి పడి, ముక్కల మీద చిట్లి చిట్లి కిందికి రావాలె. ఎక్కువున్న గాలి పోతది, ఆక్సిజన్ ఎక్కుతది, ఇనుము తుప్పై బయటపడతది. మూడు పనులు ఒక్క క్రేట్ల గోపురంతోని.

కింద పాత సిమెంటు తొట్టి ఏమన్న ఉన్నదా? అండ్ల తుప్పు తేరాలె. తేరినంక ఇసుక ఫిల్టర్, ఆ తర్వాత ట్యాంకు. ట్యాంకుకు మాత్రం మళ్ల అడుగు నుంచి కలుపకు, మీదికెళ్లే పడాలె. రెండో మోటరు సక్షన్ కాడ గాలి దూరితే కథ మళ్ల మొదటికే వస్తది.

దేవరకొండ_బెస్త · జులై 2, రాత్రి 9:20

తల్లి చేపలు పెట్టే పాత తొట్టి ఉన్నది, 40,000 లీటర్లు పడతయి. చేపలను చెరువులకు మార్చిన. ఇసుక ఫిల్టర్ అంటే మా సర్‌పంచ్ కాడ ఊరి పాత స్లో శాండ్ ఫిల్టర్ బొమ్మ ఉన్నది, అట్లనే కట్టాల్నా?

నీళ్ల_డబ్బా · జులై 2, రాత్రి 9:50

లెక్క వేసి చూడండి. ఒక్కో పూల్‌కు సెకనుకు ఒక లీటరు అనుకున్నా రెండింటికి గంటకు 7,200 లీటర్లు. మీ 20,000 లీటర్ల ట్యాంకు మూడు గంటలు కూడా రాదు. స్లో శాండ్ ఫిల్టర్‌లో చదరపు మీటరుకు గంటకు 100 నుంచి 200 లీటర్లే దిగుతాయి. అంటే మీకు తక్కువలో తక్కువ 36 చదరపు మీటర్ల ఫిల్టర్ కావాలి, అంటే ఒక చిన్న ఇల్లు. ప్రెషర్ శాండ్ ఫిల్టర్ అయితే గంటకు చదరపు మీటరుకు ఐదు నుంచి పదివేల లీటర్లు. ఒక చదరపు మీటరు వైశాల్యం ఉన్న పెద్ద డ్రమ్ము సరిపోతుంది. అడుగున 20 ఎం.ఎం. కంకర, దాని మీద బేబీ చిప్స్ (సన్న కంకర), దాని మీద ముతక ఇసుక. రోజూ వెనక్కి నీళ్లు తిప్పి కడగాలి. కడగకపోతే ఆ ఇసుకే తుప్పు గడ్డ అవుతుంది.

తొట్టిలో నీళ్లు ఐదున్నర గంటలు నిలబడతాయి. తుప్పు తేరడానికి అది చాలు.

పెబ్బేరు_ఫిషరీస్ · జులై 2, రాత్రి 10:05

బయటికి పోయే నీళ్లను బయోఫిల్టర్ పెట్టి మళ్లీ తిప్పుకుంటే బోరు మీద భారం తగ్గుతుంది కదా?

కోయిల్‌సాగర్_తాత · జులై 3, ఉదయం 5:50

తమ్మీ, నువ్వు చెప్పింది పుస్తకంల బాగుంటది. బయోఫిల్టర్ల సూక్ష్మజీవులు ఎదిగి పని పట్టేసరికి నాలుగు నుంచి ఆరు వారాలు. మన పిల్ల హ్యాచరీల ఉండేదే నాలుగు రోజులు. వాటికి తిండి పెట్టి సాదుతూ కూసుంటే సీజన్ అయిపోతది. బయటికి పోయే నీళ్లు నర్సరీ చెరువుకు మళ్లియ్యి, దండుగ కావు.

పూల్ జాలీ మాత్రం మరువకు. పిల్ల బయటికొచ్చినంక గుడ్డు పెంకులు నడుమ జాలీకి పట్టుకుంటయి. నీళ్లు పొంగుతయి, పెంకులు మురుగుతయి. మెత్తటి బ్రష్‌తోని బయటి నుంచి రాయాలె, లోపటికెళ్లి చేయి పెట్టొద్దు. మేము హాపాలు, అంటే చెరువుల కట్టే గుడ్డ తొట్లు, కట్టే కాలంల దీనికే రెండు గుడ్డలు పెట్టేటోళ్లం. లోపల దోమతెర గుడ్డ, బయట సన్నం గుడ్డ. పిల్ల లోపలి గుడ్డ సందుల నుంచి జారి బయటి దాంట్లకు పోతుండె, పెంకులు లోపలనే ఉంటుండె. అప్పుడు గాలివాన వస్తే హాపాలే కొట్టుకపోయేటియి, అది వేరే ఏడుపు.

దేవరకొండ_బెస్త · జులై 3, ఉదయం 8:30

గోపురం కట్టుడు షురువు చేసిన. మా బామ్మర్ది క్రేట్లు చూసి టమాటాలు అమ్ముతవా అంటున్నడు. కాల్షియం 40 అన్నరు గద, దానికేం చేయాలె? సున్నం పోయాల్నా?

నీళ్ల_డబ్బా · జులై 3, ఉదయం 10:10

సున్నం వద్దు. మీకు క్షారత ఇప్పటికే 380 ఉంది, సున్నం వేస్తే పీహెచ్ పైకి లేచి, ఉన్న కాల్షియం కూడా తెల్లగా పేరుకుంటుంది. జిప్సం వేయండి. పాలమూరు వాళ్లు పల్లి చేనుకు చల్లే జిప్సమే. క్షారత పెంచకుండా కాల్షియం ఒక్కటే ఇస్తుంది. 50 మిల్లీగ్రాముల కాఠిన్యం పెరగాలంటే 1,000 లీటర్లకు శుద్ధమైన జిప్సం 86 గ్రాములు. సంచిలో ఉన్నది శుద్ధం కాదు కాబట్టి 100, 110 వేయండి. నేరుగా పూల్‌లో చల్లితే కరగదు, గుడ్ల మీద మన్ను పోసినట్టే. గోనె సంచిలో కట్టి తొట్టిలో నీళ్లు పడే చోట వేలాడదీయండి. నెమ్మదిగా కరుగుతుంది, మట్టి సంచిలోనే ఆగుతుంది.

చెరువుకట్ట_అక్క · జులై 3, ఉదయం 11:00

బూజు సంగతి కూడ ఎవరన్న చెప్పండ్రి. చచ్చిన గుడ్డు మీద దూది లెక్క లేస్తది. మా దిక్కు ఒకాయన ఇప్పటికీ ఆ ఆకుపచ్చ మందు చాటుగ అమ్ముతున్నడు.

పెబ్బేరు_ఫిషరీస్ · జులై 3, ఉదయం 11:25

మలకైట్ గ్రీన్ అక్కా. తినే చేపలకు అది నిషేధం. చేప ఒంట్లో మిగిలిపోతుంది. ముట్టుకోవద్దు. బూజు ముందు చచ్చిన గుడ్డు మీదే లేస్తుంది, తర్వాత పక్క గుడ్లకు పాకుతుంది. ఫలదీకరణ సరిగా జరిగి, నీటి వేగం సరిగా ఉండి, తెల్లబడ్డ గుడ్లు బయటికి తీసేస్తే సగం బాధ పోతుంది. వేగం మరీ తగ్గితే గుడ్లు కింద కుప్పపడతాయి, మరీ పెంచితే పెంకు ముందే పగులుతుంది.

పెబ్బేరు_ఫిషరీస్ · జులై 10, ఉదయం 9:00

ఈరోజు జాతీయ చేపల రైతుల దినోత్సవం. 1957లో ఇదే జులై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి, అలీకున్హి మన కార్పు చేపలతో సూది ద్వారా గుడ్లు పెట్టించారు. అందరికీ శుభాకాంక్షలు. దేవరకొండ అన్న ఎక్కడ పోయాడు?

కోయిల్‌సాగర్_తాత · జులై 10, ఉదయం 9:40

మీకిప్పుడు రెడీమేడ్ హార్మోన్ సీసాలు దొరుకుతున్నయి, సూది ఎక్కిస్తే అయిపాయె. మేము చేపల తలకాయలు పగలగొట్టి పిట్యూటరీ గ్రంథి తీసి, ఆల్కహాల్ సీసాల దాచి, నూరి ఎక్కిచ్చినోళ్లం. జొన్న గింజంత ఉండదు అది. చేపల మార్కెట్ కాడ పొద్దుగాల తలకాయల కోసం కూసుంటే జనం పిచ్చోడనుకునేటోళ్లు.

దేవరకొండ_బెస్త · జులై 13, రాత్రి 8:55

ఇంత లేటైనందుకు మాఫ్ చేయండ్రి. నాలుగు రోజులు పూల్ కాడనే పడుకున్న.

బోరు వాల్వు తిప్పి ధార మూడో వంతు తగ్గించిన. ఉమ్ముడు ఆగింది. ధార తగ్గినంక రెండు పూల్స్‌కు నీళ్లు చాలవని ఒక్క పూలే నడిపిన. క్రేట్లకెళ్లి దిగిన నీళ్లల్ల ఆక్సిజన్ 6.8 వచ్చింది. తొట్టి అడుగున మూడు రోజులకు ఎర్రటి బురద, మా చిన్నోడు అండ్ల వేలు పెట్టి గోడ మీద ఏబీసీడీలు రాసిండు. ఇసుక డ్రమ్ము దాటినంక ఇనుము 0.2. గ్లాసుల నీళ్లు ఇప్పుడు పట్టంగనే తేట.

గుడ్లు 22 లక్షలు పోసిన. రెండో రోజు పొద్దుగాల భయం భయంగ లైటు కొట్టి చూసిన. తేలినయి ఉన్నయి, లేవనను. కానీ చేతికి దొరికేటన్ని. మిగిలినయి నీళ్లతోని సుడి తిరుగుతున్నయి. మూడో రోజు సాయంత్రం తీసి గిన్నెతోని కొలిచినం. మిల్లీలీటరుకు 500 లెక్కన 2.9 లీటర్లు, అంటే 14 లక్షల 50 వేలు.

మా నాయిన ఏమన్లే. బీడీ ముట్టిచ్చి క్రేట్ల కింద నిలబడి నీళ్లు పడేది చూసిండు చానాసేపు.

జడ్చర్ల_మోటార్స్ · జులై 13, రాత్రి 9:05

ఫొటో పెట్టు గోపురంది! క్రేట్ల మీద పరదా కట్టినవా? ఎండ తగిలితే ముక్కల మీద నాచు పడతది, వారంల జామ్.

దేవరకొండ_బెస్త · జులై 13, రాత్రి 9:12

కట్టలే. రేపు పాత చీర ఏదన్న కడత.

ఇంకో ముచ్చట. నిన్న రాత్రి కాలువకు నీళ్లిడిసిండ్రు. మళ్ల కాలువకు పోవాల్నా, బోరే నడపాల్నా?

కోయిల్‌సాగర్_తాత · జులై 14, ఉదయం 5:40

తల్లి చేపలకు, బ్రీడింగ్ పూల్‌కు కాలువ నీళ్లు పెట్టు. కొత్త నీళ్ల వాసన తగిలితే చేప ఊగుతది, అది బోరుతోని రాదు. హ్యాచింగ్‌కు మాత్రం మొదటి వారం కాలువను నమ్మకు. కొత్త నీళ్లల్ల ఎండాకాలం చెత్తంత కొట్టుకొస్తది, సైక్లాప్స్ పురుగు వస్తది. కంటికి సన్నటి చుక్క, పిల్ల తోక కొరికి చంపుతది. 60 మెష్ (ఇంచుకు 60 కన్నుల) గుడ్డ పెద్ద పురుగులను ఆపుతది, దాని పిల్లలను ఆపది. కాలువ నీళ్లు కూడ నీ ఇసుక డ్రమ్ముల నుంచే పోనియ్యి.

చెరువుకట్ట_అక్క · జులై 14, ఉదయం 6:30

తమ్ముడూ, స్పాన్ ఎంతకిస్తవు? మాకు రెండు లక్షలు గావాలె, రవ్వ (రోహు) చేప పిల్లలే. ప్యాకింగ్ నీళ్లు కూడ ఆ క్రేట్ల కింది నీళ్లే పోయి.

దేవరకొండ_బెస్త · జులై 14, ఉదయం 6:52

అక్కా, మెసేజ్ పెట్టిన చూడు. గురువారం తెల్లారుగట్ల మూడింటికి రాండ్రి, ఎండెక్కక ముందే సూర్యాపేట చేరాలె.